ఇంజన్ విన్నది చాలు, గడప తట్టండి



పాత డీజిల్ కారు బేరానికి మనవాళ్లు వెళ్లే తీరు మీరు చూసే ఉంటారు. నలుగురు కలిసి వెళతారు. ఆ నలుగురిలో ఒకాయనకు బళ్ల సంగతి తెలుసని పేరు. ఆయన బానెట్ ఎత్తిస్తాడు, స్టార్ట్ చేయమంటాడు, తల కాస్త వాల్చి, కళ్లు అరమూసి, త్యాగరాజ ఆరాధనలో కచేరీ వింటున్నంత శ్రద్ధగా ఇంజన్ చప్పుడు వింటాడు. ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెడతాడు. వెనక్కి వెళ్లి పొగ రంగు చూస్తాడు. చివరికి "ఇంజన్ కుదురుగా ఉందిరా" అంటాడు. ఆ ఒక్క మాటతో బేరం తెగుతుంది. టీలు వస్తాయి, అడ్వాన్సు చేతులు మారుతుంది.

2012లో నేనూ అలాగే కొన్నాను. విశాఖలో ఒక బ్రోకరు దగ్గర, ఎనిమిదేళ్ల నాటి డీజిల్ కారు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు, నాది. ఇంజన్ నిజంగానే కుదురుగా ఉంది. కొన్న మూడో నెలలో, శ్రావణ మాసం పెళ్లికి కుటుంబమంతా విజయనగరం బయలుదేరాం. ఆనందపురం దాటాక జోరువాన. ముందు సీట్లో మా అత్తగారు. రోడ్డు మీద ఒక గుంట దాటామో లేదో, ఆవిడ కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, "బాబూ, ఈ కారులో వాన కిందనుంచి కూడా పడుతుందా?" అన్నారు. బండి ఆపి మ్యాటు ఎత్తి చూశాను. నా అరచెయ్యంత మేర ఫ్లోరు లేదు. రోడ్డు కనబడుతోంది. రేకు ఉండాల్సిన చోట తారు పూసిన గోనెగుడ్డ ముక్క ఒకటి, దాని పైన కొత్త మ్యాటు. ఆ మ్యాటు బ్రోకరు ఫ్రీగా ఇచ్చాడని నేను మురిసిపోయిన మాట కూడా చెప్పేయాలి.

మర్నాడు గాజువాకలో టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కిందకి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "ఇంజన్ పోతే ఒకసారి ఖర్చు సార్. బాడీ కుళ్లితే ఏటా వానాకాలం నా దగ్గరికి వస్తారు." అలాగే వెళ్లాను, మూడేళ్లు. నాలుగో ఏడు బండిని తుక్కు కింద అమ్మేశాను. అప్పటికీ ఇంజన్ కుదురుగానే ఉంది. తుక్కు కొన్నవాడు దాన్నే ముందు విప్పుకుని వేరే బండికి వేసుకున్నాడు.

ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఆ మేస్త్రి మాటకు వివరణే. పెట్రోలు ఇంజన్ కంటే డీజిల్ ఇంజన్‌ను బలంగా పోతపోస్తారు. డీజిల్‌కు నిప్పురవ్వ అందించే ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేస్తారు. అంత ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి దాని దిమ్మ, షాఫ్టు, పిస్టన్లు అన్నీ బరువుగా ఉంటాయి. సరిగా ఆయిల్ మారిస్తే రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిరగడం విశేషమేమీ కాదు. ఒకవేళ అరిగినా రింగులు, లైనర్లు, పంపు, ఇంజెక్టర్లు అన్నిటికీ ఆటోనగర్లలో మందుంది. కానీ ఆ ఇంజన్‌ను మోసే కారు ఒంటి రేకు మందం ఎంతో తెలుసా? మిల్లీమీటరులో మూడొంతులు, మహా అయితే అంతకు కాస్త ఎక్కువ. శుభలేఖలు రెండు మూడు ఒకదాని మీద ఒకటి పెడితే అంత ఉంటుంది. వంద కిలోల పైచిలుకు ఇనప దిమ్మ, దాని అదురు, ఇరవై ఏళ్లపాటు ఆ రేకుల అతుకుల మీదే పడతాయి. పాత డీజిల్ కారులో ముందు పోయేది బాడీ. మనం మాత్రం చివరికి పోయేదాన్ని పరీక్షించి కొంటాం.

తుప్పు అంటే ఏమిటో బడిలో చదువుకున్నదే. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు మూడూ కలిస్తే పుట్టేది. ఇందులో రెండు సంగతులు కారు కొనేవాడికి పనికొస్తాయి. ఒకటి, ఉప్పు. ఉప్పు కలిసిన తేమలో ఈ పని చాలా జోరుగా సాగుతుంది. పైగా ఉప్పు తేమను లాగి పట్టుకుంటుంది, రేకు ఆరనివ్వదు. రెండోది, తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు కింద తుప్పు పుడితే పెయింటు పొక్కులా లేస్తుంది. ఆ పొక్కు పెసరగింజంతే ఉండొచ్చు. కానీ చాలాసార్లు తుప్పు లోపలి వైపు పుట్టి, రేకంతా తిని, చివరికి బయటి పెయింటు దాకా వచ్చి తల ఎత్తిన చోటు అది. పొక్కు కనబడిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందని అర్థం.

కాబట్టి బండిని చూడటానికి ముందే, బండి ఎక్కడ బతికిందో కనుక్కోండి. మన దగ్గర పాత నంబరు ప్లేటే సగం జాతకం చెప్పేస్తుంది. ఏపీ 31 అంటే విశాఖ. ఏపీ 02 అంటే అనంతపురం. రెండూ ఒకే ఏడాది, ఒకే మోడలు అయితే, నేను అనంతపురం బండికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇస్తాను. అనంతపురం దేశంలోనే వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. రైతుకు శాపమైన ఆ ఎండే కారు రేకుకు ఆయుష్షు. విశాఖలో, భీమిలిలో, కాకినాడలో సముద్రం ఒడ్డున రాత్రంతా బయట నిలబెట్టిన కారు మీద తెల్లారి వేలు పెట్టి రాయండి. జిగటగా ఉంటుంది. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. సముద్రం నుంచి లోపలికి పోయేకొద్దీ గాలిలో ఆ ఉప్పు వేగంగా తగ్గిపోతుంది. ఒడ్డున ఉన్న అపార్టుమెంటు బండికీ, ఇరవై కిలోమీటర్లు లోపల ఉన్న ఊరి బండికీ తేడా ఉంటుంది. 2019లో ఏపీ 39 వచ్చాక ముందరి అంకెను బట్టి జిల్లా చెప్పే వీలు పోయింది. ఆర్సీలో చిరునామా చూడాలి, ఓనరు ఎన్నిసార్లు మారాడో చూడాలి, సర్వీసు బిల్లులు ఏ ఊళ్లో కట్టారో చూడాలి.

ఈమధ్య ఢిల్లీ బళ్లు మన దగ్గరికి చాలా వస్తున్నాయి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ రోడ్ల మీద తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కోర్టుల్లో ఆ నిబంధన కొంత అటూ ఇటూ అయింది కానీ, ఆ భయంతో జనం అమ్మేసుకున్న బళ్లు ఎన్వోసీలతో దక్షిణాదికి దిగాయి. చౌకగా వస్తాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. అదే ఢిల్లీలో, కుతుబ్ మినార్ పక్కన, పదహారు వందల ఏళ్ల నాటి ఇనప స్తంభం నిలబడి ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ, అది పైన ఒక పల్చటి పొరగా ఏర్పడి తుప్పును ఆపుతోందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ ఊళ్లో ఇనప స్తంభానికి పదహారు శతాబ్దాలు, ఇనప కారుకు పదేళ్లు! ఢిల్లీకి సముద్రం లేదు కాబట్టి ఉప్పు భయం లేదు, ఒళ్లు సాధారణంగా గట్టిగానే ఉంటుంది. అయితే 2023 జులైలో యమున పొంగి వీధులు ముంచెత్తిన సంగతి మరవకండి. ఎన్వోసీ కాగితాలు, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన జీవితకాలపు పన్ను లెక్క కూడా ముందే తేల్చుకోండి.

వరద మాట వచ్చింది కనుక, 2015 డిసెంబరు చెన్నై, 2020 అక్టోబరు హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ. ఈ మూడు చోట్లా వేల బళ్లు నీళ్లలో నానాయి. అలాంటి బళ్లు ఇన్సూరెన్సు లెక్కలు తేలాక వేలంలో అమ్ముడుపోయి, కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ బజారుకు వస్తాయి. దీనికి నాకు తెలిసిన మంచి పరీక్ష సీటు బెల్టు. కొసదాకా, మొత్తం లాగండి. ఎవరూ కొసదాకా కడగరు. చివరి జానెడు మీద బురద చార కనిపిస్తే ఆ కారు నీళ్లు తాగిందన్నమాటే. సీటు కింద పట్టాల బోల్టులు, స్టీరింగు కింద దాక్కున్న స్క్రూ తలలు కూడా చూడండి. డాష్‌బోర్డు కింద, వాన పడని చోట, స్క్రూ తల ఎర్రగా ఉంటే దానికి సంజాయిషీ అడగండి.

బండి ఏం మోసిందో కూడా అడగండి. అమ్మేవాడు చెప్పడు, డిక్కీ చెబుతుంది. భీమవరం, కైకలూరు వైపు బళ్లలో చేపలు, రొయ్యల పెట్టెలు మోసినవి ఉంటాయి. ఐసు కరిగిన ఆ ఉప్పునీరు డిక్కీ అడుగున స్పేరు టైరు గుంటలోకి దిగుతుంది. పల్లెటూళ్లలో ఎరువు బస్తాలు మోసిన బళ్లుంటాయి. పొటాష్ అంటే అదీ ఒక ఉప్పే, పొటాషియం క్లోరైడు. బస్తా కుట్టులోంచి రాలిన గుప్పెడు పొటాష్ కార్పెట్ కింద చేరి, ఒక్క వానాకాలం తడిస్తే చాలు. స్పేరు టైరు పైకి తీయించి, గుంట అడుగు చేత్తో తడమండి. టైరు తీయడానికి బద్ధకించవద్దు. మా బ్రోకరు "తియ్యడం ఎందుకు సార్, కొత్త టైరే" అన్నప్పుడే నేను తీయించి ఉండాల్సింది.

అమెరికాలో పిల్లలున్న శ్రోతలకు ఒక చిన్న మాట. మిచిగన్, ఒహాయో లాంటి మంచు రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. మన భీమిలి గాలి చేసే పని అక్కడ రోడ్డే చేస్తుంది, అదీ అడుగునుంచి. అక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనే పిల్లలు మైలేజీ కంటే ముందు కింద చూడాలి.

ఇక బండి ముందుకు వద్దాం. పొద్దున ఏడు గంటలకు వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే వేళ రేకు మీద ఎత్తుపల్లాలు, పొక్కులు, రంగు తేడాలు తేలిగ్గా కనబడతాయి. సాయంత్రం ట్యూబులైటు కింద చూడకండి. అప్పుడే కడిగిన బండిని అస్సలు చూడకండి, తడి రేకు అన్నిటినీ దాచేస్తుంది. "నీడన పెట్టి, కవరు కప్పి చూసుకున్నామండీ" అంటే ఆ మాటను రెండు రకాలుగా వినాలి. ఎండిన బండికి కవరు మంచిదే. వానలో తిరిగొచ్చిన బండికి ప్లాస్టిక్ కవరు కప్పితే ఆ తేమంతా లోపలే ఉడుకుతుంది.

జేబులో మూడు వస్తువులు పెట్టుకెళ్లండి. టార్చిలైటు, పెద్ద పిడి ఉన్న స్క్రూడ్రైవరు, ఫ్రిజ్ తలుపుకు అంటించే బల్లపరుపు అయస్కాంతం. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టండి, ఎదుటివాడి పెయింటు గీరుకుపోకూడదు. తలుపుల కింది భాగం, చక్రాల పైన ఉండే కమానులు, డిక్కీ అంచు, ఈ చోట్ల అయస్కాంతాన్ని నెమ్మదిగా జరుపుకుంటూ పోండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. పట్టు వదిలి జారిందంటే అక్కడ పుట్టీ ఉందన్నమాట. పుట్టీ కనబడగానే కంగారు పడొద్దు, సొట్ట తీసినప్పుడు కాస్త పుట్టీ ఎవరైనా పెడతారు. కానీ తలుపు కింద అంచు వెంబడి జానెడు పొడవున అయస్కాంతం పట్టకపోతే అక్కడ సొట్ట కాదు, రేకే లేదు. బంపర్లు ఎలాగూ ప్లాస్టిక్, వాటి మీద అయస్కాంతం పెట్టి భయపడిన వాళ్లను కూడా చూశాను.

తలుపు తెరిచి, దాని అడుగు అంచు కింద వేలు పెట్టి ఒక కొస నుంచి మరో కొసకు జరపండి. అక్కడ చిన్న చిన్న బెజ్జాలుంటాయి. అద్దం పక్కల నుంచి తలుపు లోపలికి దిగిన వాననీరు వాటిలోంచి కారిపోవాలి. దుమ్ముతో అవి మూసుకుపోతే నీరు తలుపు కడుపులోనే నిలుస్తుంది. వేలికి గరుకుగా, పొలుసులుగా తగిలిందా, ఆ తలుపు లోపల్నుంచి పోతోంది. అలాగే బానెట్ ఎత్తి, ముందు అద్దం అడుగున వైపర్లుండే కాలువలోకి టార్చి కొట్టండి. చెట్టు కింద పెట్టిన కార్లకు ఇక్కడే దెబ్బ. చింతాకు, వేపాకు రాలి, కుళ్లి, నీరు పోయే దారిని మూసేస్తాయి. ఒక కారులో నేను స్వయంగా రెండు దోసిళ్ల చింతాకు ఎరువు తీశాను. మొక్కలకు వేసుకోవచ్చు, అంత బాగా మగ్గింది. దాని కింద రేకును వేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి పోయింది.

బానెట్ ఎత్తినప్పుడే బ్యాటరీ కింది పళ్లెం చూడండి. డీజిల్ కారుకు పెద్ద బ్యాటరీ ఉంటుంది, యాసిడ్ చిమ్మితే పళ్లెం తినేస్తుంది. పళ్లెం పోతే పోయింది, మార్చుకోవచ్చు. దాని పక్కనే సస్పెన్షన్ పైకొస వచ్చి బిగిసే గుండ్రటి గూడు ఉంటుంది చూశారా, దాని చుట్టూ అతుకుల్లో తుప్పుగానీ, వెంట్రుకవాసి పగులుగానీ ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి. ముందు బరువంతా మోసేది ఆ గూళ్లే.

లోపల మ్యాట్లు నాలుగూ ఎత్తండి. నాకు జరిగింది మీకు జరగనవసరం లేదు. ఎడమ వైపు ముందు సీటు కాళ్ల దగ్గర తడిగా ఉంటే అది ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయి కూడా కావచ్చు. అదేమీ పెద్ద జబ్బు కాదు. కానీ ఎన్నేళ్లుగా అలా కారుతోందో, కింద ఫ్లోరు ఏ స్థితిలో ఉందో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. ఏ కారైనా దాని కింద చూడకుండా కొనకండి. దగ్గర్లో వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు ఉంటుంది. వాళ్లకో వందో రెండొందలో ఇచ్చి, ఎక్కించి, మీరే కిందకి వెళ్లండి. చొక్కా మాసిపోతుందని చూడొద్దు.

బండ్లు రెండు జాతులు. సుమో, క్వాలిస్, బొలెరో, స్కార్పియో లాంటివి ఒక జాతి. వీటికి కింద నిచ్చెన ఆకారంలో బలమైన ఛాసిస్, దాని మీద బాడీ కూర్చోబెట్టి ఉంటుంది. ఇండికా, స్విఫ్ట్ లాంటివి రెండో జాతి. వీటికి విడిగా ఛాసిస్ ఉండదు, ఒళ్లే ఎముక. మొదటి జాతిలో ఛాసిస్ పట్టీ రేకు చాలా మందం, బయట ఎర్రగా కనబడినంత మాత్రాన పోదు. దాని రహస్యం లోపలుంటుంది. పెట్టెలా మూసి ఉన్న ఆ పట్టీలోకి బురద చేరి ఏళ్ల తరబడి ఆరకుండా ఉండిపోతుంది. స్క్రూడ్రైవరు పిడితో వరుసగా కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లిన చోట పుచ్చిన కర్రలా బొదబొదమంటుంది, లోపలి పొరలు జలజలా రాలే చప్పుడు కూడా వినబడుతుంది. చెవితో వినాల్సింది ఏమైనా ఉంటే ఇదీ. వెనక కమాన్ కట్టలు బిగించిన చోట, స్టీరింగు బాక్సు బిగించిన చోట మరీ జాగ్రత్తగా కొట్టండి.

రెండో జాతి కార్లలో తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పోయే భాగాన్ని నేను గడప అంటాను. మనం కారు ఎక్కేటప్పుడు దాటేది దాన్నే కదా. ఇంటి గడప బలం ఎంతో కారు గడప బలమూ అంతే, ఒళ్లు వంగకుండా పట్టుకునేది అదే. జాకీ వేసే చోటు కూడా దాని కిందే. జాకీ వేసి ఒక పక్క చక్రం నేల వదిలేదాకా ఎత్తమనండి, ఎత్తి ఆ పక్క తలుపు తీసి వేయండి. సాఫీగా పడితే సరే. నేల మీద ఉన్నప్పుడు బాగా పడిన తలుపు, ఎత్తాక అంచుకు రాసుకుంటోందంటే గడప బలం పోయింది, ఒళ్లు వంగుతోంది. జాకీయే రేకులోకి దిగబడిందంటే ఇక తలుపు వేసి చూసే పని కూడా లేదు. ఇంజన్ విననక్కర్లేదనను. గడప తట్టిన తర్వాత వినమంటాను.

అడుగంతా కొత్తగా, నల్లగా, నిగనిగలాడుతూ కోటింగు ఉంటే మురిసిపోకండి. పదిహేనేళ్ల బండికి అమ్మకానికి ముందు వారం కోటింగు కొట్టించారంటే అది కాటుక కాదు, ముసుగు. ఏళ్ల నాటి కోటింగు మీద దుమ్ము, రాళ్ల దెబ్బలు ఉంటాయి, మనకు తెలిసిపోతుంది. ఇంకో సంగతి, మన సర్వీసింగ్ షెడ్లలో బండి కడిగాక కింద డీజిల్‌గానీ, వాడేసిన ఇంజన్ ఆయిల్‌గానీ పిచికారీ చేయడం పాత అలవాటు. జిడ్డుకు దుమ్ము అంటుకుని ఒక పొరలా తుప్పును ఆపేమాట నిజమే. కానీ రబ్బరు బుష్షులు నూనె తాగి ఉబ్బి పాడవుతాయి. ఆయిల్ కారే పాత డీజిల్ బండి ముందు సగం అడుగు తుప్పు లేకుండా, వెనక సగం తుప్పు పట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. లీకేజీ చేసిన మేలు!

ర్యాంపు కింద ఉన్నప్పుడే బ్రేకు గొట్టాలను వేళ్లతో పట్టుకుని చక్రం దాకా వెళ్లండి. పెన్సిలు కంటే సన్నటి ఉక్కు గొట్టాలు. పొలుసులు లేచాయంటే ఆ రోజే మార్చాలి. ఖర్చు పెద్దది కాదు, కానీ వాయిదా వేయకూడదు. ఘాట్‌లో దిగేటప్పుడు అది పగిలితే ఇంజన్ ఎంత కుదురుగా ఉన్నా లాభం లేదు. సైలెన్సర్ తుప్పు చూసి మాత్రం బెదరకండి. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఆ ఆవిరి చల్లారి సైలెన్సర్‌లో చేరి లోపల్నుంచి తింటుంది. పాత కాలం డీజిల్‌లో గంధకం ఎక్కువ, ఆ నీరు కాస్త ఆమ్లంగా కూడా ఉండేది. సైలెన్సర్ మార్చేయొచ్చు. రాత్రి వానకు బ్రేకు డిస్కుల మీద కనబడే ఎరుపు కూడా అంతే, పది అడుగులు వెళ్లి బ్రేకు తొక్కితే పోతుంది.

డీజిల్ బండిలో ప్రత్యేకంగా చూడాల్సిన తుప్పు ఒకటి ఉంది, అది ట్యాంకులో. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి తేమ గోడలకు పట్టి నీరై అడుగుకు చేరుతుంది. డీజిల్ కంటే నీరు బరువు కదా. ట్యాంకు ఇనపదైతే అడుగున తుప్పు పుడుతుంది, ఆ నలక ఫిల్టరును, అది దాటితే పంపును, ఇంజెక్టర్లను పట్టుకుంటుంది. చాలా డీజిల్ ఫిల్టర్ల అడుగున నీరు వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. మెకానిక్ చేత దాన్ని వదులు చేయించి, అరగ్లాసు గాజుసీసాలో పట్టండి. ఐదు నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున నీటి పొర విడిపోయిందా, దాని కింద ఇటుకపొడిలాంటి మడ్డి పేరుకుందా? పేరుకుంటే ట్యాంకు దింపి కడిగించే ఖర్చు బేరంలో తగ్గించి అడగండి. కామన్ రైలు ఇంజన్ అయితే ఇంకా గట్టిగా తగ్గించండి, వాటి ఇంజెక్టర్లు ఖరీదైనవి, నలకను బొత్తిగా ఓర్చుకోవు.

కాగితాల పని కూడా తుప్పుతో ముడిపడే ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన బండిని చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రీరిజిస్ట్రేషన్ ఫీజు కార్లకు 5,000 రూపాయలు చేశారు, ఇరవై ఏళ్లు దాటిన బండికి ఇంకా ఎక్కువ. ఫీజు కట్టగానే సరిపోదు, బండి తనిఖీ నెగ్గాలి. పద్నాలుగేళ్ల బండి చౌకగా వస్తోందంటే, వచ్చే ఏడాది ఆ పరీక్షకు దాన్ని నిలబెట్టాల్సింది మీరే. ఛాసిస్ నంబరు కొట్టిన చోటు తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయండి. ఒక అంకె తుప్పులో కరిగిపోయినా బదిలీ దగ్గర చిక్కే. తుప్పు నష్టాన్ని ఇన్సూరెన్సు ఇవ్వదన్న సంగతీ గుర్తుంచుకోండి. కాలక్రమేణా వచ్చే అరుగుదల కింద దాన్ని పక్కనపెడతారు.

ఇంతా చూశాక, తుప్పు అసలు లేని పాత బండి మీకు దొరకదు. దొరికిందంటే సరిగా చూడలేదన్నమాట. రేకు మీద పసుపు పొడిలా ఉన్న పైతుప్పును గీకి, తుప్పును నల్లటి పొరగా మార్చే మందు రాసి, ప్రైమరు, పెయింటు వేసుకుంటే ఆగుతుంది. అప్పడంలా పొరలు పొరలుగా లేస్తే అక్కడ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగు చేయాలి. కొనేముందే టింకరింగ్ మేస్త్రి చేత లెక్క కట్టించి, ఆ మొత్తం ధరలోంచి తీసేయండి. పుట్టీ పూసి సర్దేస్తానన్నవాడి మాట వినొద్దు, పుట్టీ కింద తుప్పు హాయిగా ఉంటుంది. ఛాసిస్ పట్టీలో తూటు పడినా, సస్పెన్షన్ గూడు, సీటు బెల్టు బిగించిన చోటు, స్టీరింగు చోటు, గడప కుళ్లినా ఎంత చౌకైనా ఆ బండి వద్దు. ఈ విషయంలో నాకు బేరం లేదు.

ఈ ఆదివారం మీలో ఎవరైనా పాత డీజిల్ బండి చూడటానికి వెళుతుంటే, ఇంజన్ స్టార్ట్ చేయించకముందే ఒక్క మాట అడగండి. "ర్యాంపు మీదికి ఎక్కిద్దామా?" అనండి. ఒప్పుకుంటే చొక్కా చేతులు మడిచి కిందకి వెళ్లండి. ఎక్కించనన్న బండిని అక్కడే వదిలేసి, టీ కూడా తాగకుండా వచ్చేయండి.